దిగడం, దిగిపోవడం

గోదావరిఖనిలో బొగ్గు బాయి పనికి పోవడాన్ని ‘బాయి దిగుడు’ అంటారు. కొలువు నుంచి విరమించడాన్ని ‘దిగిపోవుడు’ అంటారు. “మీ బాపు ఇంకా దిగుతుండా?” అంటే పనిలో ఉన్నాడా అని. “దిగిపోయిండా?” అంటే రిటైరయ్యాడా అని. రోజూ భూమిలోకి దిగిన మనిషి చివరికి ఆ దిగడం నుంచే దిగిపోవాలి. కార్మికుడి బతుకంతా ఒక్క క్రియాపదంలో ఇమిడిపోయింది.

మా బాపు ముప్పై మూడేళ్లు దిగాడు. టబ్బుల్లోకి బొగ్గు ఎత్తే కోల్ ఫిల్లరుగా మొదలుపెట్టి, పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే టింబర్‌మన్‌గా దిగిపోయాడు. ఆయన కొలువులో ఉన్న చివరి ఆరేళ్లూ, దిగిపోయాక బతికిన పదకొండేళ్లూ నేను ఆయన్ని ఫొటోలు తీశాను. అవన్నీ ఇప్పుడు ఒక ట్రంకుపెట్టెలో ఉన్నాయి. పెట్టె తెరిచి సర్దబోయినప్పుడల్లా అవి రెండు కుప్పలవుతాయి. టోపీ ఉన్న బాపు ఒక కుప్ప, టోపీ లేని బాపు ఇంకో కుప్ప. మొదటి కుప్పలో వందల కొద్దీ ఫొటోలున్నాయి. రెండో కుప్పలో, ఆయన దిగిపోయిన తొలి రెండేళ్లవి వెతికితే పట్టుమని పది కూడా దొరకవు.

మనిషి అదే. ఇల్లు అదే. కెమెరా కూడా అదే. మరి ఆ రెండేళ్లూ నాకు ఏం కనబడకుండా పోయింది? ఈ ప్రశ్నకు జవాబు ఫొటోగ్రఫీ పుస్తకాల్లో దొరకలేదు. దాన్ని వెతుక్కుంటూ వేదాంతం దాకా పోవలసి వచ్చింది. అక్కడ దొరికిన జవాబు మా ఇంట్లో రోజూ వాడే ఒక తెలుగు మాటలోనే ఉందని తెలిసి సిగ్గుపడ్డాను.

కెమెరా దిగని చోటు

బాయిలోకి కెమెరాను రానివ్వరు. బొగ్గు పొరల్లో మీథేన్ వాయువు దాగి ఉంటుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం దాకా కలిసి ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ తగిలినా పేలుతుంది. అందుకే దిగేవాళ్ల జేబులు తడిమి చూస్తారు. బీడీ, అగ్గిపెట్టె, లైటరు లోపలికి పోకూడదు. రవ్వ పుట్టించవని పరీక్షించి ఆమోదించిన విద్యుత్ పరికరాలనే లోపలికి అనుమతిస్తారు. ఫ్లాష్ వెలిగే కెమెరాకు అప్పుడూ చోటు లేదు, సెల్‌ఫోనుకు ఇప్పుడూ లేదు. ప్రాణాలు కాపాడే నియమం కాబట్టి దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఫలితం చూడండి. మా బాపు రోజుకు ఎనిమిది గంటలు గడిపిన చోటు, మా ఇంటి ప్రతి మెతుకూ పుట్టిన చోటు, నా కెమెరా ఒక్కసారి కూడా చూడలేదు. నేను తీసిన ‘పనిలో ఉన్న బాపు’ ఫొటోలన్నీ నిజానికి పనికి పోతున్న బాపువో, పని నుంచి వస్తున్న బాపువో.

గోదావరి లోయలో ఈ చీకటి చాలా పాతది. ఇరవై అయిదు కోట్ల ఏళ్లకు పూర్వం ఎండ తాగి పెరిగిన అడవులు నేలలో కూరుకుపోయి బొగ్గయ్యాయి. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర ఆ బొగ్గు జాడ కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. పక్కనున్న సింగరేణి ఊరి పేరే 1920లో కంపెనీ పేరైంది. ఇల్లందులో బొగ్గు తవ్వుతున్న ఆ కాలంలోనే హైదరాబాదులో ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ ఫొటోలు తీస్తున్నాడు. దర్బార్లూ వేట విడిదులూ ప్యాలెస్ మెట్లూ ఆయన కెమెరా ముందు నిలబడ్డాయి. వందేళ్ల తర్వాత కూడా వాటి అంచులు స్పష్టంగా ఉన్నాయి. అదే రాజ్యంలో భూమి కింద తట్ట నెత్తిన పెట్టుకున్నవాడి ముఖం ఎట్లా ఉండేదో నాకు తెలియదు. కెమెరా అంటే లాటిన్‌లో గది. ఆ చీకటి గదిలోకి ఒక చిన్న రంధ్రం గుండా వెలుగు వస్తేనే బొమ్మ పడుతుంది. బాయి కూడా చీకటి గదే, దాంట్లో పూర్వపు సూర్యుడు దాగి ఉన్నాడు. ఉపనిషత్తులు హృదయాన్ని కూడా గుహే అన్నాయి, అందులో ఉన్నది స్వయంప్రకాశమన్నాయి. బాపు ఒక చీకట్లోకి దిగేవాడు. నేను ఇంకో చీకటి పెట్టెను మెడలో వేసుకుని తిరిగేవాణ్ణి. మూడో గది సంగతి ఇద్దరికీ పట్టలేదు.

లోపల ఏముంటుందని ఒకసారి అడిగాను.

“ఏముంటది బిడ్డా, చీకటే. మొఖాలు కనవడయి. నడక జూసి, దగ్గు ఇని మనిషిని గుర్తువడతం. ఎదురుంగ ఎవలన్న వస్తే తల పక్కకు తిప్పాలె. లేకుంటే మన లైటు వాని కండ్లల్ల గొడ్తది.”

ల్యాంపు రూములో టోకెన్ ఇచ్చి దీపం తీసుకుంటారు. బ్యాటరీ నడుముకు కట్టుకుంటారు, దీపం టోపీకి తగిలిస్తారు, రెండిటినీ ఒక తీగ కలుపుతుంది. తల ఎటు తిరిగితే వెలుగు అటు పడుతుంది. బొగ్గు గోడ కనిపిస్తుంది, దుంగ కనిపిస్తుంది, తోటివాడి చేయి కనిపిస్తుంది. ఆ దీపాన్ని మోస్తున్నవాడి ముఖం మాత్రం ఆ దీపానికి ఎప్పటికీ కనిపించదు. దృగ్దృశ్య వివేకం అనే చిన్న ప్రకరణ గ్రంథం సరిగ్గా ఈ దారినే నడిపిస్తుంది. వస్తువును కన్ను చూస్తుంది, కన్ను చూపును మనసు ఎరుగుతుంది, మనసులో వచ్చిపోయే ఆలోచనలను లోపలి సాక్షి ఎరుగుతుంది. ఆ సాక్షిని ఎరిగేందుకు వెనక ఇంకెవరూ లేరు. గనిలో తలమీద దీపం పెట్టుకున్న మనిషిని మించిన ఉదాహరణ ఈ సిద్ధాంతానికి నాకు ఎక్కడా కనబడలేదు. అతడి వెలుగులో అన్నీ ఉన్నాయి, అతడు తప్ప.

‘తల పక్కకు తిప్పాలె’ అన్న మాటను మాత్రం నేనప్పుడు విని వదిలేశాను. ఎదుటివాణ్ణి చూడటానికి కూడా ఒక మర్యాద ఉంటుందని, మన వెలుగు వాడి కళ్లలో గుచ్చకూడదని బాపు చెప్పాడు. ఆ ముక్క నాకు తలకెక్కడానికి చాలా ఏళ్లు పట్టింది.

“మురికి నాది గాదు కొడుకా”

నా తొలి కెమెరా సెకండ్‌హ్యాండ్‌ది. రీలుకు 36 ఫొటోలు. ఒక మధ్యాహ్నం ఫస్ట్ షిఫ్టు వదిలే వేళకు గేటు బయట నిలబడ్డాను. బాపు పైకి వచ్చాడు. వెలుతురు తగిలి కళ్లు చిట్లించాడు. రెప్పల అంచుల్లో బొగ్గు కాటుకలా దిద్దినట్టుంది. ముఖం మీద చెమట కారిన చోట్ల మాత్రం చర్మం గీతలు గీతలుగా బయటపడింది. నొక్కాను. అంతకంటే మంచి ఫొటో నేను ఇప్పటిదాకా తీయలేదని చెప్పేవాళ్లున్నారు. పట్నంలో ఒక ప్రదర్శనలో దాన్ని పెద్దది చేసి పెట్టారు. చూసినవాళ్లు ‘శ్రమ సౌందర్యం’ అన్నారు. నా ఛాతీ ఉబ్బింది.

ఇంటికి తెచ్చి బాపుకు చూపించాను. ఆయన దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఇది నేనేనా?”

“నువ్వే బాపూ.”

“తానం జేసినంక తియ్యరాదురా? తెల్లంగి ఏసుకుంటగద.”

“తెల్లంగి ఎవరైనా వేసుకుంటరు బాపూ. ఇదే అసలు నువ్వు.”

ఆయన ఫొటో నా చేతికిచ్చాడు. “మురికి నాది గాదు కొడుకా, బాయిది. నేను రోజూ దాన్ని బాయికాడనే ఇడిసివెట్టి ఇంటికొస్తున్న. నువ్వేమో ఏరుకోని ఇంటికి దెస్తున్నవ్.”

అవ్వ వంటింట్లోంచి నవ్వింది. నాకు కోపం వచ్చింది. మా బాపుకు కళ తెలియదనుకున్నాను.

1838లో పారిస్‌లో దగేర్ ఒక వీధిని ఫొటో తీశాడు. అప్పట్లో బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది. అందుకని ఆ వీధిలో నడుస్తున్న జనం, బండ్లు ఏవీ ఫలకం మీద నిలవలేదు. ఒకచోట ఆగి బూట్లు పాలిష్ చేయించుకుంటున్న మనిషి మాత్రం పడ్డాడు. అతడి కాళ్ల దగ్గర పాలిష్ చేస్తున్నవాడు ఉన్నాడు, కానీ చేతులాడుతున్నాయి కాబట్టి మసక మసకగా ఉన్నాడు. ఫొటోలో పడిన తొలి మనుషులు వాళ్లేనని చెబుతారు. సేవ చేయించుకున్నవాడు స్పష్టంగానూ, చేసినవాడు మసకగానూ మొదలైన కళ ఇది. శ్రామికుల పిల్లలు కెమెరా పట్టాక ఆ మసకను తుడవాలనుకోవడం సహజమే. అమెరికాలో పెన్సిల్వేనియాలోని బ్రాడక్ అనే ఉక్కు పట్నంలో పుట్టిన లటోయా రూబీ ఫ్రేజియర్ తన అమ్మమ్మనూ తల్లినీ తననూ ఏళ్ల తరబడి తీసి 2014లో ‘ది నోషన్ ఆఫ్ ఫ్యామిలీ’ అన్న పుస్తకం వేసింది. ఆ పనిలో తల్లి కూడా కెమెరా పట్టింది. కూతురు తల్లిని చూసింది, తల్లి కూతుర్ని చూసింది. మన పక్కన మదురైలో చేపలమ్మే తల్లి కొడుకు పళనికుమార్ తల్లిని, ఆమెలాంటి కష్టజీవులను తీస్తున్నాడు. నేనూ ఆ వరసలోనివాణ్ణేనని అనుకునేవాణ్ణి. కానీ మా బాపుకు నేను కెమెరా ఇవ్వలేదు. తీయమంటావా అని అడగలేదు. నా తలమీది లైటు నేరుగా ఆయన కళ్లలోకి కొట్టాను.

ఒక మాట, రెండు అర్థాలు

ఇప్పుడు ఆ తెలుగు మాట దగ్గరికి వద్దాం. ఉపాధి. మన పత్రికల్లో, ప్రభుత్వ పథకాల్లో, పెళ్లిచూపుల్లో దానికి ఒకటే అర్థం: బతుకుతెరువు. ‘అబ్బాయికి ఉపాధి దొరికింది’, ‘ఉపాధి హామీ పని’. వేదాంతంలో అదే మాటకు ఇంకో అర్థం ఉంది. పక్కన ఉండి తన గుణాన్ని ఎదుటి వస్తువు మీద ఆరోపించేది ఉపాధి. స్ఫటికం పక్కన మందారపువ్వు పెడితే స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. పువ్వు ఉపాధి. ఎరుపు స్ఫటికానిది కాదు. పువ్వు తీసేస్తే స్ఫటికం తెల్లబడిందని అనకూడదు, అది ఎన్నడూ ఎర్రబడలేదు. కుండలో ఉన్న ఆకాశాన్ని ఘటాకాశం అంటాం. కుండ పగిలితే ఆకాశం పగలదు. ఆత్మకు దేహం ఉపాధి, మనసు ఉపాధి, పేరు ఉపాధి.

తెలుగులో ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఎట్లా కలిశాయో భాషావేత్తలు చెప్పాలి. ఫొటోలు తీసేవాడిగా నాకు అందులో ఒక హెచ్చరిక వినిపిస్తుంది. మనిషి చేసే పని అతడి పక్కన పెట్టిన మందారపువ్వు. దాని రంగు అతడి మీద పడుతుంది. ముప్పై మూడేళ్లు పడితే అతడికే ఆ రంగు తనదనిపిస్తుంది. చూసేవాళ్లకు మరీను.

దీనికి ఉదాహరణ నా కళ్ల ముందే ఉండేది. బ్లాక్ అండ్ వైట్ ఫొటో కడిగే డార్క్‌రూములో ఎర్రదీపం వెలిగిస్తారు, ఆ కాగితానికి ఎర్ర వెలుగు సోకినా ఏమీ కాదు కాబట్టి. ఆ దీపం కింద కాగితం ఎర్రగా ఉంటుంది, నా చేతులు ఎర్రగా ఉంటాయి, గోడ ఎర్రగా ఉంటుంది. బయటికి వస్తే కాగితం తెల్లది. రంగు మారిందా? లేదు. వందలసార్లు ఆ గదిలోకి పోయి వచ్చినా నాకు స్ఫటికమూ పువ్వూ గుర్తు రాలేదు. మా బాపు ముఖం గుర్తు రాలేదు. ‘మురికి నాది గాదు, బాయిది’ అని ఆయన అన్నది ఉపాధి నిర్వచనమే. నాలుగో తరగతి చదివిన మనిషి వివేకం చెప్పాడు, డిగ్రీ చదివిన నేను ఆయన్ని దిద్దాను.

వెలుగు సోకిన రీలు మీద వెంటనే ఏమీ కనిపించదు. బొమ్మ అందులో గుప్తంగా ఉంటుంది. డెవలపర్‌లో ముంచితే బయటపడుతుంది. అయినా అక్కడితో పని అయిపోదు. హైపో ద్రావణంలో వేసి, వెలుగు సోకని వెండి లవణాలను కడిగేయాలి. 1839లో జాన్ హెర్షెల్ చెప్పిన ఉపాయమిది. అట్లా కడగకుండా వెలుతురులోకి తెస్తే బొమ్మ నల్లబడి పోతుంది. మన పెద్దలు జ్ఞానానికి శ్రవణం, మననం, నిదిధ్యాసనం అని మూడు మెట్లు చెప్పారు. వినడం రీలు మీద వెలుగు పడటం లాంటిది. మననం డెవలపర్, తేలేదాకా అందులోనే ఉంచాలి. నిదిధ్యాసనం హైపో, నిలిచేదాన్ని నిలబెట్టి మిగతాది కడిగేస్తుంది. మా బాపు మాట నాలో శ్రవణం దగ్గరే ఆగిపోయి ఉంది. అది తేలాలంటే ఆయన దిగిపోవాలి.

దీపం అప్పగించిన రోజు

కొలువు చివరి నెలాఖరున బాపు ఫస్ట్ షిఫ్టు దిగి పైకొచ్చాడు. ల్యాంపు రూము కిటికీలో దీపం పెట్టి, టోకెన్ వెనక్కి తీసుకోకుండా చెయ్యి అక్కడే ఉంచి కాసేపు నిలబడ్డాడు. తోటివాళ్లు దండ వేశారు, శాలువా కప్పారు. స్వీటు పంచారు. నేను రెండు రీళ్లు ఖర్చుపెట్టాను.

మర్నాడు తెల్లారక ముందే లేచాడు. స్నానం చేసి, అంగీ తొడుక్కుని, మంచం అంచున కూర్చున్నాడు. సైరన్ మోగింది. “టైమెంతయింది?” అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు, ఆయనకూ అక్కర్లేదు. ఆరు నెలలు ఇదే వరస. నైట్ షిఫ్టు వారాలు ఎప్పుడొచ్చేవో ఒళ్లు గుర్తు పెట్టుకుంది. ఆ వారాల్లో రాత్రంతా మేలుకునేవాడు.

నేను కెమెరా తీసుకుని వచ్చేవాణ్ణి. ఏం తీయాలో తోచేది కాదు. మసి లేదు, టోపీ లేదు, గేటు లేదు. కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. అట్లాంటి ముసలాయనలు ఏ వీధిలోనైనా ఉంటారు. కెమెరా సంచిలో పెట్టుకుని తిరిగి వెళ్లిపోయేవాణ్ణి. ఆ రెండేళ్ల ఖాళీ కథ ఇదే. అన్నాళ్లూ నేను ఫొటో తీసింది మందారపువ్వును. పువ్వు తీసేయగానే ఎదురుగా స్ఫటికం ఉన్నా, తీయడానికేమీ లేదనుకున్నాను.

సాధన చతుష్టయంలో శమదమాల తర్వాత ఉపరతి అని ఒకటి ఉంది. విరమించడం అని దాని మాటకర్థం. విరమించడమంటే చేతులు ముడుచుకోవడమని నేను అనుకునేవాణ్ణి. తత్త్వబోధ అనే చిన్న గ్రంథం మాత్రం తన ధర్మాన్ని తాను నిర్వర్తించుకోవడమే ఉపరమం అంటుంది. మొదట చదివినప్పుడు తికమకపడ్డాను. పని మానడానికి పని చేయడమని అర్థమేమిటి? మా పెరట్లో జవాబు దొరికింది.

మూడో ఏడు వానాకాలం బాపు బీరతీగకు పందిరి వేశాడు. గుంజలు పాతుతూ ఒక్కొక్క గుంజనూ ఇనుప చువ్వతో తట్టి, చెవి పెట్టి విన్నాడు. ఎందుకని అడిగాను. “బాయిల గట్లనే జూస్తం. కప్పు గొడ్తే గణ్ణుమంటే గట్టిది. బొల్లుమంటే ఇడిపోయిందన్నట్టు, దాని కింద నిలవడద్దు” అన్నాడు. ఒక గుంజ బొల్లుమంది. పీకి అవతల పారేశాడు. కింద నడిచే ప్రాణం ఇప్పుడు బీరతీగ, దాని నీడన కోడిపిల్లలు. ఆ చెవి మాత్రం అదే, ఆ జాగ్రత్తా అదే. టింబర్‌మన్ అనే ఉపాధి దిగిపోయింది, పైకప్పు నిలబెట్టే స్వభావం దిగలేదు. జీతం లేదు, మస్టరు లేదు, చూసే ఓవర్‌మన్ లేడు. స్వధర్మం ఉంది. ఆ రోజు ఆయన చెవి గుంజకు ఆనించి ఉండగా తీసిన ఫొటోతో నా రెండో కుప్ప నిజంగా మొదలైంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉపాధి ఆరోపితం అన్నంత మాత్రాన కష్టం అబద్ధమైపోదు. మిథ్య అంటే లేనిదని కాదు, తనంతట తాను నిలవలేనిదని మాత్రమే. ఆత్మకు మసి అంటదు, నిజమే, ఊపిరితిత్తులకు అంటుంది. మోకాళ్లకు వంగిన లెక్క గుర్తుంటుంది. బొగ్గు తగిలి తెగిన గాయంలో ధూళి చిక్కుకుని మానితే ఆ చోట చర్మం కింద నీలిమచ్చ పచ్చబొట్టులా మిగిలిపోతుంది. మా బాపు చేతుల మీద, నుదుటి మీద అవి ఏడుండేవి. ఏ సబ్బుకూ పోలేదు. ‘అంతా మాయ’ అని కష్టజీవికి ఉపదేశించి అతడి కూలి, అతడి రక్షణ, అతడి వైద్యం మరిచిపోయేవాడు వేదాంతి కాడు. స్ఫటికం నిర్మలమని తెలిసినవాడు దానికి గీత పడకుండా మరింత జాగ్రత్త పడతాడు.

కొంగను కాల్చిన చూపు, దేవుణ్ణి చూపిన చూపు

మహాభారతం అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకు చెప్పిన కథ ఒకటి ఉంది. తెలుగులో ఆ భాగం ఎర్రన చేతి మీదుగా మనకు అందింది. కౌశికుడనే బ్రాహ్మణుడు చెట్టుకింద వేదం చదువుకుంటుండగా పైనుంచి కొంగ రెట్ట వేసింది. కోపంతో తలెత్తి చూశాడు. ఆ చూపుకు కొంగ చచ్చి కింద పడింది. తర్వాత భిక్షకు పోతే, భర్త సేవలో ఉన్న ఒక ఇల్లాలు ఆలస్యం చేసింది. మళ్లీ అదే చూపు. నేను కొంగను కాను అని ఆమె నవ్వి, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకు పోయి అక్కడి వ్యాధుణ్ణి అడగమంది. మాంసం అమ్మే అంగట్లో వ్యాధుడు దొరికాడు. ధర్మసూక్ష్మాలెన్నో చెప్పాక, నా సిద్ధికి కారణం కళ్లారా చూద్దువు రమ్మని ఇంటికి తీసుకుపోయి తల్లిదండ్రుల్ని చూపించాడు. నాకు వీళ్లే దేవతలు అని వాళ్ల పాదాలకు మొక్కాడు.

ఈ కథను కులం గురించి, వృత్తి గురించి, సేవ గురించి చెప్పడం మామూలు. దీన్ని చూపు కథగా చదవమని నా మనవి. మొదట్లో ఒక చూపు ఉంది, దాని ముందు పడ్డది కాలిపోయింది. చివర్లో ఇంకో చూపు ఉంది, దాని ముందున్నవాళ్లు దేవతలయ్యారు. కౌశికుడికి తపశ్శక్తి ఉంది. అయితే కౌశికుడు తనకు తగిలిన మురికినే చూశాడు. మురికిలో రోజంతా కూర్చునే వ్యాధుడు ఇంటికి పోయి తల్లిదండ్రుల్లో నిర్మలమైనదాన్ని చూశాడు. వేదం చదవడానికి కౌశికుడు తన కన్నవాళ్లను వాళ్ల సమ్మతి లేకుండా విడిచి వచ్చాడని కూడా వ్యాధుడు కనిపెట్టాడు. నీకోసం ఏడ్చి ఏడ్చి వాళ్లకు చూపు పోయింది, ముందు ఇంటికి పో అని పంపించాడు. కొడుకు చూపుకు పదును పెరిగిన కొద్దీ తల్లిదండ్రుల చూపు ఆరిపోయిందని వ్యాసుడు చెప్పడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది.

ఇంకో వివరం చూడండి. వ్యాధుడి ఇంట్లో ఆ ముసలి దంపతులు ఎట్లా ఉన్నారో వ్యాసుడు ప్రత్యేకంగా చెప్పాడు. తెల్లని బట్టలు కట్టుకున్నారు. తృప్తిగా భోజనం చేసి ఉన్నారు. ఇంట్లోకెల్లా మంచి ఆసనం మీద కూర్చున్నారు. కొడుకు మాంసపు అంగడిలోంచి వచ్చాడు, ఆ వాసన వాళ్ల దగ్గర లేదు. వాళ్లను అతిథికి చూపించే ముందు కొడుకు చేసిన పనులవి.

ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘తెల్లంగి ఏసుకుంటగద’ అన్న మాట పదేళ్ల తర్వాత డెవలపర్‌లోంచి తేలింది.

గోడమీది ఫొటో

ఆ వచ్చిన ఆదివారం ఇంటికి పోయాను. అవ్వ చేసిన కూరతో ముగ్గురం తిన్నాం. మా ఇంట్లో చేతుల కుర్చీ ఒక్కటే ఉండేది, వచ్చినవాళ్లకు వేసేది. దాన్ని పెరట్లో బీరపందిరి కింద వేసి, ఎట్లా కూర్చుంటావో నీ ఇష్టం బాపూ అన్నాను. ఆయన లోపలికి పోయి తెల్లంగీ తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. తల దువ్వుకున్నాడు. కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. చేతుల మీద నీలిమచ్చలు స్పష్టంగా ఉన్నాయి, వాటిని దాచుకోలేదు. నేను కెమెరా ఎత్తాను. ఎండ ఆయన కళ్లలో పడుతోంది. రెండడుగులు పక్కకు జరిగి, నా నీడ ఆయన కళ్ల మీద పడేటట్టు నిలబడి తీశాను.

ఎవరూ దాన్ని ప్రదర్శనలో పెట్టలేదు. శ్రమ సౌందర్యం అని ఎవరూ అనలేదు. తెల్లబట్టల్లో ఒక ముసలాయన కుర్చీలో కూర్చున్న ఫొటో, అంతే. బాపు మాత్రం దాన్ని చూసి “ఆఁ, ఇది నేనే” అన్నాడు.

ఆయన పోయాక గోడకు ఏ ఫొటో పెట్టాలన్న మాట వచ్చినప్పుడు అవ్వ పెట్టెలోంచి దాన్నే తీసింది. మన ఇళ్లలో ఒక మనిషి పోయాక అతడి ఫొటో ఫొటోగా ఉండదు. దానికి బొట్టు పెడతాం, దండ వేస్తాం, పెత్రమాస నాడు దాని ముందు పెట్టి పెద్దలకు బియ్యం ఇస్తాం. శాస్త్రం దీన్ని ప్రతీకోపాసన అంటుంది. కాగితాన్ని కాగితంగా ఎరిగి కూడా అందులో పెద్దల్ని భావించడం అది. అందుకే ఏ రూపాన్ని నిలుపుతున్నామన్నది చిన్న సంగతి కాదు. మా పిల్లలు దండం పెట్టుకునేది వాళ్ల తాతకు, ఆయన మీద పడిన మసికి కాదు.

మసి ఫొటో చింపలేదు. అది కూడా నిజమే, బాయి గురించి నిజం. ఆ కష్టం లోకానికి తెలియాలి, దాచకూడదు. తండ్రి గురించిన నిజానికి మాత్రం ఇంకో ఫొటో కావాలి.

మీ ఇంట్లోనూ గనిలోకో, మగ్గం గుంటలోకో, బస్సు ఇంజను వేడిలోకో, ఊళ్లో మోరీల్లోకో దిగుతున్నవాళ్లు ఉండవచ్చు. దిగిపోయి మంచం అంచున సైరన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఉండవచ్చు. వాళ్లను ఫొటో తీయాలనిపిస్తే తీయండి, తప్పకుండా తీయండి. ముందు అన్నం తిన్నారో లేదో అడగండి. ఇంట్లో ఉన్న మంచి కుర్చీ వాళ్లకు వేయండి. ఏ బట్ట కట్టుకోవాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. కెమెరా ఆ తర్వాత బయటికి తీయవచ్చు.